పాత గ్యాస్ సిలిండర్‌ను కోయాలంటే: మొదటి గాటుకు ముందూ, తర్వాతా

ముప్పై లీటర్ల సిలిండర్ ప్రమాదకరంగా మారాలంటే అందులో ఎంత గ్యాస్ మిగలాలి? ఒక్క చెంచాడు చాలు. మాటవరసకు అంటున్నది కాదు, లెక్క వేసి చూడొచ్చు. వంట గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ గాలిలో 2.1 నుంచి 9.5 శాతం దాకా కలిసినప్పుడు అంటుకుంటుంది. నాలుగు శాతం దగ్గర ఆ మంట మహా ఉద్ధృతంగా ఉంటుంది. ముప్పై లీటర్లలో నాలుగు శాతమంటే 1.2 లీటర్ల ఆవిరి. దాని బరువు రెండు గ్రాముల పైచిలుకు, ద్రవంగా కొలిస్తే నాలుగైదు మిల్లీలీటర్లు. పొయ్యి ఆరిపోయింది, ఊపితే చప్పుడు లేదు, వాల్వ్ తిప్పితే బుస్సుమనలేదు, కాబట్టి ఖాళీ అనుకునేవాళ్ల లెక్కలోకి ఈ చెంచాడు రాదు.

ఇంకో సంగతి. నిండు సిలిండర్ లోపల గాలి ఉండదు, కాబట్టి లోపల మంట పుట్టదు. వాడేసి, వాల్వ్ తెరిచి మూలన పడేసిన సిలిండర్‌లోకి గాలి చేరుతుంది. అడుగున మిగిలిన ఆవిరి ఆ గాలితో కలుస్తుంది. మూసి ఉన్న పాత్రలో ఈ మిశ్రమం అంటుకుంటే ఒత్తిడి ఒక్కసారిగా సుమారు ఎనిమిది రెట్లవుతుంది. గట్టి సిలిండర్ పగలకుండా తట్టుకున్నా, మీరు అప్పుడే పెట్టిన గాటులోంచి మంట జెట్‌లా చిమ్ముతుంది. ఆ గాటుకు ఎదురుగా, మూరెడు దూరంలో ఉండేది మీ ముఖమే.

అందుకే ఈ పనిలో కోత కన్నా ముందస్తు పనే ఎక్కువ. రెండు మూడు రోజులు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్లు కొత్త ఇనుప పైపు ముక్కో, రేకు చుట్టిన డ్రమ్మో కొనుక్కోవడం మంచిది. కొలిమికైనా, నిప్పు కుంపటికైనా సిలిండరే కావాలని ఏమీ లేదు.

ముట్టుకోకూడని సిలిండర్లు

ఈ మార్గదర్శి పూర్తిగా ఎల్‌పీజీ కోసమే, అంటే ప్రొపేన్, బ్యుటేన్ నింపిన ఉక్కు సిలిండర్ల కోసం. మిగతావాటికి దీన్ని అన్వయించకండి.

ఎసిటిలిన్ సిలిండర్‌ను ఏ పరిస్థితిలోనూ కోయకూడదు. అది బోలుగా ఉండదు. లోపల స్పాంజిలాంటి పదార్థం నిండా ఉండి, అందులో ఎసిటోన్ ఇంకి, ఆ ఎసిటోన్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది. నీళ్లు పోసినా, వాల్వ్ నెల రోజులు తెరిచి పెట్టినా అది శుభ్రపడదు. పైగా పాతవాటిలో ఆ నింపుడు పదార్థంలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్ లాంటి అధిక పీడన సిలిండర్లది ఇంకో కథ. వాటి గోడ మందం, ఉక్కు గట్టితనం ఎక్కువ. వాల్వ్ పూడుకుపోయి లోపల ఒత్తిడి మిగిలి ఉంటే అది నిప్పు అక్కర లేకుండానే ప్రాణం తీస్తుంది. ఫ్రిజ్, ఏసీల రిఫ్రిజరెంట్ నింపిన డబ్బాలు వేడి తగిలితే విష వాయువులు వదులుతాయి. క్లోరిన్, అమ్మోనియా సంగతి చెప్పనక్కర్లేదు. అల్యూమినియంవి, ఫైబర్ చుట్టినవి కూడా వద్దు.

రంగు చూసి లోపల ఏముందో తేల్చకండి. రంగుల పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు, మధ్యలో ఎవరైనా రంగు మార్చి ఉండొచ్చు కూడా. వాల్వ్ చుట్టూ ఉండే కాలర్ మీదా, అడుగున ఉండే పాదం వలయం మీదా గుద్దిన అక్షరాలు చదవండి. గ్యాస్ పేరు, ఖాళీ బరువు, పరీక్ష తేదీ అక్కడ ఉంటాయి. అవి అరిగిపోయి చదవలేని స్థితిలో ఉంటే ఆ సిలిండర్ మీ పనికి రాదు.

మరొకటి: చాలా సిలిండర్లు మన ఇంట్లో ఉన్నా మనవి కావు. డిపాజిట్ కట్టి తెచ్చుకున్నది కంపెనీ సొత్తు, కోస్తే నేరమే కావచ్చు. సొంతంగా కొన్నదో, యజమాని రాతపూర్వకంగా తుక్కు కింద తీసేసినదో అయితేనే ముందుకు వెళ్లండి. తుక్కు కింద తీసేసేటప్పుడే వాళ్ల చేత గ్యాస్ దించి, వాల్వ్ ఊడదీయించి ఇమ్మని అడగండి. ఆ పనికి తగిన పరికరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఈ ఒక్క ఏర్పాటుతో మీ శ్రమలో సగం, ప్రమాదంలో సగానికి మించి తగ్గుతాయి.

బరువు తూచడం

కాటా మీద పెట్టి తూచి, గుద్ది ఉన్న ఖాళీ బరువుతో పోల్చండి. కిలోకు దగ్గరగా తేడా ఉంటే లోపల ద్రవం ఇంకా ఉన్నట్టే. దాన్ని గాలిలోకి వదలడం తప్పు, ప్రమాదం కూడా. దాన్ని పొయ్యికి తగిలించి వాడేయండి, లేదా డీలర్‌కు తిరిగి ఇచ్చేయండి. బరువులు సరిపోయాయని కూడా నిశ్చింతగా ఉండకండి. తుప్పు, రంగు పూతల వల్ల వంద గ్రాములు అటూ ఇటూ అవుతాయి, మన చెంచాడు ద్రవం బరువు రెండు గ్రాములే. కాటా పెద్ద ప్రమాదాన్ని పట్టిస్తుంది, చిన్నదాన్ని పట్టించలేదు.

వాసన కూడా సాక్ష్యం కాదు. గ్యాస్‌కు వాసన కోసం కలిపే మెర్కాప్టాన్ లోపలి తుప్పులో ఇంకి, గ్యాస్ పోయాక కూడా కంపు కొడుతూనే ఉంటుంది. అదే తుప్పు ఒక్కోసారి మెర్కాప్టాన్‌ను పీల్చేసుకుని, గ్యాస్ ఉన్నా వాసన రాకుండా చేస్తుంది. అగ్గిపుల్ల గీసి మూతి దగ్గర పెట్టి చూసేవాళ్ల గురించి ఏం చెప్పాలి, వాళ్లు చేస్తున్నది పరీక్ష కాదు, జూదం.

మిగిలినదాన్ని వదలడం

ఆరుబయట, చిరుగాలి ఆడే చోట, వెచ్చటి పగటి పూట ఈ పని చేయండి. వెచ్చదనం ఎందుకంటే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గానీ బ్యుటేన్ మరగాలంటే దాదాపు సున్నా డిగ్రీలు దాటాలి. చలి పొద్దున బ్యుటేన్ అడుగున ద్రవంగా పడుకుని ఉంటుంది, వాల్వ్ తెరిచినా కదలదు.

ప్రొపేన్ ఆవిరి గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యుటేన్ ఆవిరి రెండు రెట్లు బరువు. రెండూ పైకి పోవు, నేల మీద పాకి పల్లానికి దిగుతాయి. మురుగు కాలువ, బావి, సెల్లార్ మెట్లు, గొయ్యి లాంటివి దగ్గర్లో ఉండకూడదు. పొయ్యి, సిగరెట్, నడుస్తున్న ఇంజన్, కరెంటు స్విచ్చు, ఫోను, అన్నీ దూరంగా ఉంచండి. సిలిండర్‌ను ప్లాస్టిక్ పట్టా మీద కాకుండా వట్టి నేల మీద నిలబెట్టండి. గ్యాస్ వేగంగా బయటకు వచ్చేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది, అది నేలలోకి దిగిపోవాలి. అదే కారణంగా వాల్వ్ కూడా మెల్లగా, కొద్దికొద్దిగా తెరవాలి.

స్ప్రింగు పిన్నుతో దానంతటదే మూసుకునే రకం వాల్వ్ అయితే, దానికి తగిన రెగ్యులేటర్ బిగిస్తేనే తెరుచుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో పిన్ను పొడిచి వదిలేవాళ్లున్నారు. ద్రవం ఒక్కసారిగా చిమ్మితే చేతి చర్మం అక్కడికక్కడే గడ్డకడుతుంది. ఆ మోటు పద్ధతి వద్దు.

బుసకొట్టడం ఆగాక ఒకటి రెండు రోజులు తెరిచే ఉంచండి, రోజూ కాసేపు పక్కకు వాల్చి పెట్టండి. పిల్లలు, పెంపుడు జంతువులు అటు రాకుండా చూసుకోండి. అసలు బుస్సుమనే చప్పుడే రాకపోతే అనుమానించండి. ఖాళీ అయినా కావచ్చు, వాల్వ్ పూడుకుపోయి అయినా ఉండొచ్చు. కాటా తూకం, వాల్వ్ మాట కలవకపోతే పని అక్కడే ఆపండి.

వాల్వ్ ఊడదీయడం

నా దృష్టిలో ఇంట్లో చేసేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదే. వాల్వ్‌ను ఫ్యాక్టరీలో యంత్రంతో బిగిస్తారు. గ్యాస్ బయటకు వచ్చే చోట మర చాలా రకాల్లో ఎడమ తిప్పుడుదే అయినా, మెడలో కూర్చునే మర మామూలు కుడి మర. అంటే ఊడాలంటే అపసవ్యంగా తిప్పాలి.

సిలిండర్‌ను పక్కకు పడుకోబెట్టి, పాదం వలయం కదలకుండా రెండు గుంజల మధ్యనో, గొలుసు పట్టులోనో బిగించండి. ఒకరు దాని మీద కూర్చుని పట్టుకోవడం సరైన పద్ధతి కాదు. మెడ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి నాననివ్వండి. వాల్వ్ చదును ముఖాలకు సరిపోయే పెద్ద రెంచి వేసి, దాని పట్టుకు మీటరు పొడవు పైపు తొడిగి, నిలకడగా లాగండి. సుత్తితో మోదడం, మంట చిమ్మే గ్యాస్ టార్చితో మెడ వేడి చేయడం, గ్రైండర్‌తో వాల్వ్ కోసేయడం, ఈ మూడూ నిషిద్ధం.

వాల్వ్ ఎటు చూస్తోందో ఆ వరుసలో మీరు గానీ, మరెవరు గానీ నిలబడకండి. పావు తిప్పు కదలగానే ఆగండి, వినండి. బుస్సుమంటే దూరంగా జరిగి, అది పూర్తిగా ఆగేదాకా వేచి ఉండండి. మెడలో మర ఇంకా చాలా చుట్లు పట్టి ఉంటుంది కాబట్టి వాల్వ్ ఎగిరిపోదు. ఆ తర్వాత మళ్లీ పావు తిప్పు. ఇలా నాలుగైదు సార్లు ఆగి తీయండి.

ఎంతకీ కదలకపోతే? వదిలేయండి. వాల్వ్ బిగిసిపోయిన సిలిండర్‌ను కోయడానికి ఇంట్లో మంచి పద్ధతి ఏదీ లేదు.

నీళ్లతో కడగడం, ఒకసారి కాదు

మెడ రంధ్రంలోంచి రబ్బరు గొట్టం అడుగు దాకా దింపి నీళ్లు వదలండి. నీళ్లు కింది నుంచి పైకి లేస్తూ లోపలి ఆవిరిని బయటకు నెట్టాలి, అందుకే గొట్టం అడుగు దాకా వెళ్లాలి. మూతి పొంగి కాసేపు పారనివ్వండి. ఆ సమయంలో బయటకు వచ్చేది గ్యాసే. కాబట్టి ఆరుబయట, నిప్పు లేని చోట అనే నియమం ఇక్కడా వర్తిస్తుంది.

నీళ్లు నింపితే గ్యాస్ పోతుంది నిజమే, కానీ గోడకు పట్టిన జిడ్డు పోదు. ఎల్‌పీజీలో చిటికెడు భారీ నూనెలు ఎప్పుడూ ఉంటాయి. ఏళ్ల తరబడి నింపిన సిలిండర్ అడుగున అవి నల్లటి మడ్డిగా పేరుకుంటాయి. నీళ్లు పారబోయగానే గాలి లోపలికి వస్తుంది, ఆ మడ్డి మళ్లీ ఆవిరి వదలడం మొదలుపెడుతుంది. మామూలు వేడిలో కొంచెమే వదులుతుంది, గ్రైండర్ డిస్కు గానీ టార్చి గానీ తగిలినప్పుడు దండిగా వదులుతుంది. డీజిల్, నూనె డ్రమ్ములు కోస్తూ ప్రమాదాల్లో పడేవాళ్లది ఇదే కథ. అగ్గిపుల్లకు డీజిల్ సులువుగా అంటుకోదు కదా అని ధీమాగా ఉంటారు, గోడ వేడెక్కాక ఆ మాట చెల్లదు.

అందుకని మొదటిసారి మామూలు నీళ్లు నింపి పారబోయండి. రెండోసారి వేడి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం గట్టిగా కలిపి మూతి దాకా నింపి ఒక రోజంతా ఉంచండి. పారబోసి మరోసారి అదే చేయండి. పెట్రోలు, థిన్నర్‌తో కడిగితే ఒక మండే పదార్థం తీసి ఇంకొకటి పెట్టినట్టు. బ్రేకులు శుభ్రం చేసే క్లోరిన్ ద్రావకాలు ఇంకా చెడ్డవి: వాటి ఆనవాలు మిగిలిన లోహాన్ని వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విష వాయువు పుట్టవచ్చు. కంపు కొట్టే కడుగు నీళ్లను చెరువులోకి, తాగునీటి వైపు వదలకండి.

చివరిగా తాజా నీళ్లు మూతి దాకా నింపి అలాగే ఉంచండి. కోత మొదలయ్యే నిమిషం దాకా సిలిండర్ నీళ్లతోనే ఉండాలి. ఈ రోజు కడిగి ఆరబెట్టి వచ్చే వారం కోస్తానంటే, అప్పుడు మళ్లీ మొదటి నుంచి కడగాల్సిందే.

అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా నిబంధనలు, మండే పదార్థాలు లేవని పూర్తిగా నిశ్చయమయ్యేలా శుభ్రం చేసేదాకా వాడిన డ్రమ్ములు, ట్యాంకుల మీద వెల్డింగ్ గానీ, వేడి కోత గానీ చేయకూడదంటాయి. అమెరికన్ వెల్డింగ్ సొసైటీకి ఈ విషయం మీదే ఎఫ్4.1 అనే ప్రమాణం ఉంది. నిపుణులే అంత పట్టుబట్టే చోట మనం సర్దుకుపోవడానికి కారణమేమీ లేదు.

గీత ఎక్కడ గీయాలి

సిలిండర్ తయారీ తెలిస్తే గీత సులువు. చిన్నవి రెండు గిన్నెలు ఎదురెదురుగా పెట్టి నడుమ ఒక్క వెల్డుతో అతికినవి. పెద్దవాటిలో మధ్యన ఒక గొట్టం భాగం, పైనా కిందా గిన్నెలు ఉంటాయి. గొట్టానికి నిలువున ఇంకో అతుకు ఉంటుంది. అడ్డ వెల్డు ఉన్న చోట లోపలి అంచు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటుంది, లేదా లోపల పట్టీ ఉంటుంది. అంటే అక్కడ లోహం రెండింతల మందం. వెల్డు మీద కోయకండి, దానికి రెండు సెంటీమీటర్లు పైన కోయండి.

తిన్నని గీత కోసం వెడల్పాటి అట్టపట్టీని చుట్టూ తిప్పి, రెండు కొసలూ అంచుతో అంచు కలిసేలా బిగించి, దాని వెంట మార్కర్‌తో గీయండి. కొసలు కలిస్తే గీత నిటారుగా వచ్చినట్టే.

ఇక అసలు నిర్ణయం. మీకు చివరికి నడుమ కోత కావాల్సి ఉన్నా సరే, మొదటి కోత మాత్రం పై గిన్నె భుజం దగ్గర, వీలైనంత ఎత్తులో పెట్టండి. సిలిండర్ నిలువుగా నీళ్లతో ఉన్నప్పుడు గాటు పడగానే నీళ్లు గాటు మట్టానికి దిగుతాయి. దాని పైన ఎంత ఖాళీ ఏర్పడితే అంత ప్రమాదం. నడుమ కోస్తే సగం సిలిండర్ ఖాళీ అవుతుంది. భుజం దగ్గర కోస్తే కొద్ది చోటే. పై టోపీ ఊడిపోయాక అది మూసిన పాత్రే కాదు, నోరు తెరిచిన కుండ. లోపలికి చేయి పెట్టి తోమొచ్చు, కళ్లతో చూసి తేల్చుకోవచ్చు, ఆ తర్వాత ఎక్కడైనా కోయొచ్చు.

మొదటి కోత: చేతి రంపంతో

గ్రైండర్‌తో మొదటి గాటు పెట్టొద్దు. నీళ్లు నింపాం కదా, గ్రైండర్‌తో కోస్తే ఏమవుతుంది అని చాలామంది అడుగుతారు. చాలాసార్లు ఏమీ కాదు. ఆ ‘చాలాసార్లు’ నమ్ముకుని పని చేయడం నాకు ఇష్టం లేదు. గాటు పైన ఉండే కాస్త చోటులో జిడ్డు ఉంది, గాలి ఉంది, గ్రైండర్ నిప్పురవ్వ తెస్తుంది. పైగా నీళ్లు చిమ్మే చోట కరెంటు పరికరం. హాక్సాతో కోస్తే ఈ రెండూ ఉండవు.

గోడ మందం సాధారణంగా రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. ఆ మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు దిగి ఉండాలి, కాబట్టి అంగుళానికి 32 పళ్ల బ్లేడు తీసుకోండి. ఇంకా మందపాటి గోడకు 24 పళ్లది. సిలిండర్‌ను చెక్క దిమ్మెల మధ్య కదలకుండా నిలబెట్టి, గీత మీద ఆకురాయితో చిన్న గాడి పెట్టి, అందులో బ్లేడు ఆనించి మొదలుపెట్టండి. ముందుకు తోసేటప్పుడే బరువు వేయండి, వెనక్కి లాగేటప్పుడు వదిలేయండి. నిమిషానికి యాభై సార్లకు మించి ఆడించక్కర్లేదు, హడావిడి పడితే పళ్లు అరుగుతాయి తప్ప కోత సాగదు. ఒకే చోట లోతుగా దిగకుండా సిలిండర్‌ను తిప్పుతూ కోయండి. ముప్పై సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న దాని చుట్టుకొలత దాదాపు మీటరు. రెండు మూడు బ్లేడ్లు, ఒక పూట సమయం పోతాయి.

చేతులకు అంత శక్తి లేకపోతే బ్యాటరీతో నడిచే ముందుకూ వెనక్కూ ఆడే రంపం వాడొచ్చు. లోహం కోసే బ్లేడు వేసి, తక్కువ వేగంలో, గాటు మీద నీళ్లు పోస్తూ. దాని బ్లేడు దూర్చడానికి గీత మీద పది మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, అది కూడా బ్యాటరీ డ్రిల్లుతో మెల్లగా, నీళ్లు కారుతుండగానే వేయాలి. గోడ ప్లగ్గుకు తగిలించిన పరికరం ఏదీ ఈ దశలో దగ్గరికి రాకూడదు.

చుట్టూ కోశాక మూడు చోట్ల రెండేసి సెంటీమీటర్లు వదిలేయండి. లేకపోతే చివర్లో టోపీ ఒరిగి బ్లేడును నొక్కేస్తుంది. గాట్లలో చెక్క మేకులు దిగ్గొట్టి, ఆఖరున ఆ మూడు వంతెనలూ కోయండి. అంచు కత్తిలా ఉంటుంది, తోలు చేతి తొడుగులు లేకుండా పట్టుకోవద్దు.

నోరు తెరిచాక

నీళ్లు పారబోసి లోపల చూడండి. అడుగున నల్లటి బురద, గోడల మీద ఎర్రటి, నల్లటి పొర. తీగ బ్రష్షు, సబ్బు నీళ్లతో లోహం కనిపించేదాకా తోమండి. టోపీ లోపలి భాగాన్ని మర్చిపోవడం మామూలు, దాన్నీ తోమండి. ఆ నల్లటి పొడిని తడిగానే ఉంచి, తడిగానే సంచిలో కట్టి తీసేయండి. గంధకం ఉన్న గ్యాస్ నిల్వ చేసిన పాత్రల్లో ఐరన్ సల్ఫైడ్ ఏర్పడవచ్చు. అది ఎండి గాలి తగిలితే తనంతట తాను వేడెక్కి రాజుకునే రకం.

ఎండలో ఆరబెట్టాక, గ్యాస్ కనిపెట్టే మీటరు దొరికితే అడుగున పెట్టి చూడండి. సున్నా వస్తే మంచిదే. అయితే అది ఆ క్షణాన ఉన్న ఆవిరి మాట మాత్రమే. తోమకుండా వదిలేసిన జిడ్డు వేడికి రేపు వదలబోయే ఆవిరి సంగతి మీటరుకు తెలియదు. నీళ్ల మధ్యలోనో, కార్బన్ డయాక్సైడ్ నిండిన చోటో మీటరు పెట్టి సున్నా చూపించిందనడం కూడా అర్థం లేనిది. ఈ మీటర్లలో చాలా రకాలకు గ్యాస్‌ను గుర్తించడానికి ఆక్సిజన్ కావాలి.

జడవాయువు నింపితే సరిపోదా?

లోపలి గాలిని కార్బన్ డయాక్సైడ్‌తోనో, ఆర్గాన్‌తోనో నెట్టేసి కోయొచ్చు కదా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. పరిశ్రమల్లో ఆ పద్ధతి ఉంది, ఆక్సిజన్ శాతాన్ని కొలుస్తూ చేస్తారు. ఇంట్లో కొలిచే సాధనం లేకుండా చేస్తే, ఎంత గాలి మిగిలిందో ఊహించడమే అవుతుంది. గాటు పడగానే ఆ వాయువు జారిపోతుంది కూడా. కార్బన్ డయాక్సైడ్ మంటలార్పే సిలిండర్‌ను సర్రున వదిలితే మంచు రేణువులు రాపిడితో విద్యుదావేశం పుట్టిస్తాయి. 1954లో జర్మనీలోని బిట్‌బుర్గ్ దగ్గర భూగర్భ విమాన ఇంధన ట్యాంకులోకి కార్బన్ డయాక్సైడ్ వదిలినప్పుడు అలాంటి ఆవేశమే నిప్పై ట్యాంకు పేలి, చాలామంది చనిపోయారు. రక్షణ కోసం వదిలిన వాయువే అంటించింది. కారు పొగ గొట్టం పెట్టి నింపే పద్ధతిని కొందరు గొప్పగా చెబుతారు. ఆ పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో తెలియదు, విషపు కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఖాయం. నీళ్లు నిండాయో లేదో కంటికి కనిపిస్తుంది. నా ఓటు నీళ్లకే.

ఇప్పుడు గ్రైండర్

తోమి ఆరిన, నోరు తెరిచిన పాత్ర మీద గ్రైండర్ వాడొచ్చు. ఇక్కడ ప్రమాదం గ్యాస్‌ది కాదు, డిస్కుది.

డిస్కు మీద రాసిన వేగం గ్రైండర్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. 115 మిల్లీమీటర్ల డిస్కుకు నిమిషానికి 13,300, 125 డిస్కుకు 12,200 చుట్లు మామూలు పరిమితి. పెద్ద డిస్కును చిన్న గ్రైండర్‌కు, కవచం తీసేసి బిగించేవాళ్లు ఈ పరిమితినే దాటుతున్నారు. డిస్కు నడుమ లోహపు చుట్టు మీద గడువు తేదీ ఉంటుంది, చూడండి. తడిసినది, అంచు చెదిరినది వాడకండి. చెక్క కోసే పళ్ల చక్రాన్ని గ్రైండర్‌కు ఎన్నడూ తగిలించకండి.

ఉక్కులో తయారీ నాటి బిగువు మిగిలి ఉంటుంది, కోత సాగేకొద్దీ గాటు దగ్గరకు మూసుకుని డిస్కును పట్టేస్తుంది. అప్పుడు గ్రైండర్ మీ మీదకు తన్నుతుంది. గాటు తెరిచి ఉండేలా చీలలు పెట్టండి, డిస్కు తలానికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి, రెండు చేతులతో పట్టుకోండి. మొదట చుట్టూ పైపైన గాడి తీసి, రెండో చుట్టులో లోతుకు దిగితే కోత తిన్నగా వస్తుంది, తన్నడమూ తగ్గుతుంది.

కళ్లద్దాలు, వాటి మీద ముఖ కవచం, చెవులకు రక్షణ, నూలు బట్టలు. పాలిస్టర్ బట్ట రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, రంగు కింద జింకు పూత ఉండొచ్చు, కాబట్టి దుమ్ము వడపోసే మంచి మాస్కు కావాలి, గుడ్డ కట్టుకుంటే చాలదు. రవ్వలు పది మీటర్ల దాకా పోతాయి. ఆ దూరంలో ఎండు ఆకులు, గోనెలు, నూనె గుడ్డలు తీసేయండి. పని అయిపోయాక గంట సేపు ఆ చోటు మీద కన్నేసి ఉంచండి.

వెల్డింగ్, ఆఖరి మెరుగులు

వెల్డింగ్ చేసే చోట రంగునూ, జింకునూ రెండు వైపులా అయిదు సెంటీమీటర్ల మేర గీకి లోహం బయటపెట్టండి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. కాలర్, పాదం వలయాల అంచులు గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ మడతలో కడుగు నీళ్లు దాక్కుంటాయి, వేడికి ఆవిరై చిట్లుతాయి. వెల్డింగుకు ముందే అక్కడ చిన్న రంధ్రం వేసి ఆరనివ్వండి.

కొలిమి చేసేవాళ్లు లోపల సిరామిక్ ఉన్ని పరిస్తే, దాని నారలు గాలిలోకి లేవకుండా గట్టిపరిచే ద్రవం, పైన పూత తప్పక వేయాలి. పొయ్యి, కుంపటి చేసేవాళ్లు మొదటి మంట ఆరుబయటే వేసి రెండు మూడు గంటలు మండనివ్వండి, మిగిలిన రంగు, జిడ్డు ఆ పొగలో పోతాయి. ఇంట్లో పెట్టే పొయ్యికి పొగ గొట్టం లేకుండా కుదరదు. భుజం దగ్గర కోసిన టోపీని పారేయకండి, మెడ రంధ్రంలోంచి బోల్టు దూర్చి వేలాడదీస్తే మంచి గంట అవుతుంది.

కోసి అతికిన సిలిండర్‌ను గాలి కంప్రెసర్ ట్యాంకుగానో, మళ్లీ గ్యాస్‌కో, మరే ఒత్తిడికో వాడకండి. చేతి వెల్డు ఎంత అందంగా కుదిరినా అది పరీక్షించిన పీడన పాత్ర కాదు.

మధ్యలో వదిలేసిన సిలిండర్ ఉంటే, వాల్వ్ బిగిసిపోయినదో, అక్షరాలు అరిగినదో, దాన్ని మూలన పెట్టి మర్చిపోకండి. ‘ఖాళీ కాదు, కోయవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి, నిలువుగా, నీడలో, ఆరుబయట ఉంచి గ్యాస్ డీలర్‌కు అప్పగించండి. తుక్కు ఏరేవాళ్లకు అలాగే ఇచ్చేస్తే, దాని మీద గ్రైండర్ పెట్టేది వాళ్లే.